పెట్టె మూత మీద కాసు

నా కూతురికి వినపడదేమోనని నాకు భయం. ఆ ఎండాకాలం మంచినీళ్ల పైపుల కోసం మా వీధి తవ్వడం మొదలుపెట్టిన రోజున నాకున్న భయాలన్నిట్లోకీ పెద్దది అదే. చిన్నవాటికి లెక్కే లేదు. పాలు పొరబోతాయేమో, ఊయల తాడు తెగుతుందేమో, కిందపడ్డ గుండీ పాప నోట్లో పెట్టుకుంటుందేమో. "నీకు భయపడటానికి కారణం అక్కర్లేదే అమ్మాయ్, కాస్త తీరిక దొరికితే చాలు" అనేవారు మా అత్తయ్య గారు. రోజుకి పది భయాలు చెప్పేదాని పదకొండో భయాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఎవరూ పట్టించుకోలేదు.

పాపకి అప్పుడు పది నెలలు. పొద్దున ఎనిమిదయ్యేసరికి రోడ్డు పగలగొట్టే మిషన్ మా గుమ్మం ముందు మొదలయ్యేది. గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి వణికేవి. మాట్లాడాలంటే ఒకరి చెవిలో ఒకరు అరవాలి. అంత మోతలోనూ పాప, దూలానికి కట్టిన చీర ఊయలలో నోరు తెరుచుకుని నిద్రపోయేది. పక్కింటావిడ తొంగి చూసి, "ఎంత బుద్ధిమంతురాలండీ! మావాడైతే పిల్లి నడిచినా లేచి కూర్చుంటాడు" అని మెచ్చుకునేది. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకునేది.

మా ఆయన మోటార్లకి వైండింగ్ చేసే షాపులో పనిచేస్తారు. ఆయనతో చెబితే నవ్వేశారు.

"నేను మా నాన్న సుత్తి చప్పుడులో పుట్టాను, మోటార్ల మోతలో బతుకుతున్నాను. మా ఇంట్లో మోతే జోలపాట. దానికీ అంతే."

"పిలిస్తే తిరగడం లేదండీ."

"నేను మాత్రం నువ్వు పిలవగానే తిరుగుతున్నానా?"

నిజానికి పాప ఒక్కోసారి తిరిగేది, ఒక్కోసారి తిరిగేది కాదు. అదే నన్ను తినేసేది. అసలే తిరగకపోతే ఏదో ఒకటి తేలిపోయేది. వెనక నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని, గరిటెతో పళ్లెం వాయించేదాన్ని. తిరిగితే ప్రాణం లేచొచ్చేది. తిరగకపోతే మళ్లీ వాయించేదాన్ని.

మా మామయ్య గారిది వెండి పని. వీధివైపు గదే ఆయన పనిచేసే చోటు. కుంపటి, ఊదుగొట్టం, వెండి కరిగించే మట్టి మూసలు, త్రాసు, వాటి వెనక ఆయన. ఆ గదిలో ఒక మూల మోకాలెత్తు చెక్కపెట్టె ఉండేది. ఆయన ప్రాణమంతా అందులోనే.

జనం కరిగించమని తెచ్చే పాత వెండిలో ఎప్పుడైనా పరదేశపు కాసులు వచ్చేవట. మూసలో వెయ్యడానికి చేతులు రాక, అంతే తూకం వెండి తన దగ్గరిది వేసి, కాసు పక్కకి తీసేవారట. అలా మొదలై, ఇప్పుడు పెట్టెలో అరలు అరలుగా రెండు వందల పైచిలుకు ఉన్నాయి. అన్నీ ఒకే జాతివి. ఐరోపా వాళ్లు తమది కాని నేలల్లో చెలామణీకి కొట్టించిన వెండి.

"వాళ్ల ఊళ్లో వాళ్లు వాడుకున్న డబ్బు నాకెందుకమ్మా?" అనేవారు. "సముద్రం దాటి వెళ్లి ఇంకొకళ్ల సంతలో పెట్టిన డబ్బు చూడు. ఒకవైపు వాళ్ల రాజు మొహం, రెండోవైపు అక్కడి జనం అక్షరాలు. బొమ్మ వాళ్లది, నమ్మాల్సింది వీళ్లు."

నా చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది గానీ నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అందుకని ఒక్కో కాసుకీ చీటీ రాసే పని నాకిచ్చారు. బళ్లో నేర్చుకోని భూగోళమంతా ఆ చీటీల మీద నేర్చుకున్నాను. ఫ్రెంచి ఇండోచైనా, డచ్చి వాళ్ల తూర్పు దీవులు, జర్మన్ తూర్పు ఆఫ్రికా, కాంగో. ఆయన మాత్రం వాటిని ఆ పేర్లతో పిలిచేవారు కాదు. తలచుట్టూ కిరణాలతో కూర్చున్న స్త్రీ బొమ్మ ఉన్నది 'కూర్చున్నమ్మ'. మూడు మొనల ఈటె పట్టుకుని సముద్రం ఒడ్డున నిలబడ్డది 'నిలబడ్డమ్మ'. టోపీ మీద గద్ద ఉన్న రాజు 'గద్దటోపీ'. కాంగో కాసు మీది పెద్ద గడ్డం రాజు 'గడ్డపాయన'.

అత్తయ్య గారికి ఆ పెట్టె సవతి. "దొరలు పోయి ఇన్నేళ్లయినా ఈయన వాళ్లని పెట్టెలో పెట్టి మేపుతున్నాడు" అనేవారు. "ఇంత వెండి ఇంట్లో పెట్టుకుని నా కాళ్లకి పట్టీలు లేవు."

"పట్టీలు పెడితే నువ్వొస్తున్నట్టు ముందే తెలిసిపోతుంది. అదీ ఒక లాభమే, ఆలోచిస్తాను" అనేవారు మామయ్య గారు.

ఒకరోజు నేను పాప వెనక పళ్లెం వాయిస్తుంటే ఆయన చూశారు. "ఏం పరీక్షమ్మా అది?" అని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. చేతిలో పట్టకారు పక్కన పెట్టి లేచారు.

"చెవి సంగతి నాకొదిలెయ్. నలభై ఏళ్లు చెవితోనే బతికాను. వెండి పాడుతుంది, సీసం దగ్గుతుంది. ఏది పాటో ఏది దగ్గో తేల్చడమేగా నా పని."

పాపని ఎత్తుకుని పెట్టె మూత మీద కూర్చోబెట్టారు, మొహం కిటికీవైపు తిప్పి. ఒక నిలబడ్డమ్మని తీసి, పాప వీపు వెనక జానెడు ఎత్తునుంచి మూత మీదికి వదిలారు. జీవితమంతా ఆయన కాసుల్ని పరీక్ష చేసింది అలాగే, ఆ మూత మీద పడేసి. ఠంగుమంది. పాప గిరుక్కున తిరిగింది.

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఇంకోసారి చూస్తావా?" రెండోసారి గద్దటోపీని వదిలారు. అది అందులో సగం కూడా బరువుండదు. పాప తిరిగింది. మూడోసారి ఇంకా చిన్నది వదిలారు. తిరిగి, చెయ్యి చాచి ఇమ్మంది కూడా.

"ఇంత చిన్న మోతకి తిరిగే పిల్లకి బయట ఆ మిషన్ వినపడదా? వినపడుతుంది. లెక్కచెయ్యదు. అంతా మీ అత్తయ్య పోలిక."

వంటింట్లోంచి "నాకన్నీ వినపడుతున్నాయి" అన్నారు అత్తయ్య గారు.

"చూశావా" అన్నారు మామయ్య గారు.

ఆ పూట నేను ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాను. ఆ తర్వాత రోజూ పొద్దున పాపని పెట్టె మీద కూర్చోబెట్టడం వాళ్లిద్దరికీ ఆట అయింది. ఆయన వదిలేవారు, అది తిరిగేది, ఇద్దరూ నవ్వేవాళ్లు. నేను పళ్లెం వాయించడం మానేశాను. పక్కింటి పిల్లవాడు అప్పటికే 'తాత, అత్త' అంటున్నా, మా పాప గొంతులోంచి ఒకే ఒక కూత తప్ప రాకపోయినా, నేను గుండె దిటవు చేసుకున్నాను. "ఆడపిల్లలు ఆలస్యంగా మొదలుపెడతారు, ఆ తర్వాత ఎవరూ ఆపలేరు" అన్నారు అత్తయ్య గారు, మామయ్య గారు ఆ మాట అనకముందే.

పైపులు వేసేవాళ్లు వీధి చివర టార్పాలిన్ డేరాల్లో ఉండేవారు. వాళ్లలో ఒకామె మా ఇంటికి బిందెతో నీళ్లకి వచ్చేది. నా వయసే ఉంటుంది. మిషన్ పక్కన అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఎడమ కనుబొమ మధ్యలో తెల్లటి గీత, ఎప్పుడో రాయి ఎగిరి తగిలిందట. ఆమె కొడుక్కి ఎనిమిది నెలలు. మట్టిలో పాతిన రెండు గునపాలకి చీర కట్టి వాణ్ణి అందులో పడుకోబెట్టేది.

ఒక మధ్యాహ్నం ఆమె బిందె ఎత్తుకోబోతుంటే, గదిలోంచి మామయ్య గారు పిలిచారు. "అమ్మా, నీ మెళ్లో ఉన్నది ఒక్కసారి చూడనిస్తావా?"

ఆమె మెడలో దారానికి ఉన్న కాసుని గబుక్కున గుప్పిట మూసింది. "అమ్మేది కాదు బాబాయ్. మా అమ్మమ్మది."

"కొంటాననలేదుగా. చూస్తానన్నాను."

"చూస్తే అరుగుతుందేమో."

"నా కళ్లజోడు అరిగింది గానీ కాసులు అరగలేదమ్మా. దాని కొక్కెం టంకం వదిలేసింది, చూసుకున్నావా? రేపో మాపో ఏ గుంటలోనో పడిపోతుంది. ఇలా తే, ఊరికే అతికిస్తాను."

ఆమె నవ్వి తీసి ఇచ్చింది. నిలబడ్డమ్మ. మూడు మొనల ఈటె, డాలు, వెనక దూరంగా ఓడ. ఒంటి మీద మూడు చోట్ల చిన్న చిన్న ముద్రలు కొట్టి ఉన్నాయి. మామయ్య గారు భూతద్దం కింద పెట్టి ఒక్కో ముద్రనీ చూశారు.

"ఆ దెబ్బలేంటి బాబాయ్? మా ఆయన దొంగ కాసేమో అంటాడు."

"మీ ఆయనకి చెప్పు, నీ పెళ్లాం మెళ్లో ఉన్నది నీకంటే నిఖార్సయినదని. ఇవి దెబ్బలు కాదమ్మా. తూర్పు రేవుల్లో వ్యాపారి ఎవడైనా ఇలాంటి కాసు తీసుకునే ముందు పరీక్ష చేసేవాడు. మంచిదైతే తన గుర్తు కొట్టేవాడు, నాదీ పూచీ అని. ఆ గుర్తు చూసి తర్వాతివాడు మళ్లీ పరీక్ష చెయ్యకుండా తీసుకునేవాడు."

"మొదటివాడే తప్పు చూసి ఉంటే?"

మామయ్య గారు ఊదుగొట్టం నోట్లో పెట్టుకోబోతూ ఆగారు. "అప్పుడు వెనకాల వాళ్లందరూ మునుగుతారు" అని కుంపటి ఊదారు.

ఆయన టంకం పెడుతుండగా ఆమె మా పాప ఊయల చూసింది. బయట మిషన్ దడదడలాడుతోంది. పాప నిద్రపోతోంది.

"అక్కా, మీ పాప కూడా ఈ మోతకి లేవదా?"

"లేవదు."

"మావాడూ అంతే. మిషన్ పక్కనే పడుకుంటాడు. మా డేరాల్లో ముసలామె ఒకటే సణుగుడు, వీడికి చెవులు లేవే అని. నాకు పని మీద చెయ్యి సాగట్లేదక్కా."

ఆ గొంతు నాకు తెలుసు. రెండు నెలల కింద నాదే. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "ఎత్తుకొచ్చెయ్ వాణ్ణి" అన్నాను. "మా మామయ్య గారు ఒక్క నిమిషంలో తేల్చేస్తారు."

వాణ్ణి తెచ్చింది. ఒళ్లంతా మట్టి, కుడిచెవి వెనక పెసరగింజంత పుట్టుమచ్చ. పెట్టె మూత మీద కూర్చోబెట్టాం. మామయ్య గారు అప్పుడే చల్లార్చిన వాళ్ల కాసునే వాడి వెనక వదిలారు. వాడు తిరిగాడు. మళ్లీ వదిలారు. మళ్లీ తిరిగి, బోసినోటితో నవ్వాడు. ఆమె కూర్చున్నచోటే కూలబడి, మోకాళ్లమీద తలపెట్టుకుంది.

"చూశావుగా" అని భుజం తట్టాను. "నేనూ ఇలాగే నిద్ర లేకుండా చచ్చాను. నీ బిడ్డకేం లేదు. ఎవరేమన్నా వినకు. హాయిగా పడుకో."

పుట్టి బుద్ధెరిగాక నేను ఇంకొకరికి ధైర్యం చెప్పడం అదే మొదటిసారి. ఆమె వెళ్లిపోయాక కూడా ఆ మాటలు నాలో నేనే రెండు మూడుసార్లు అనుకున్నాను. అంత బాగున్నాయి నాకు.

వానలు ముంచుకొస్తున్నాయని గుంటలు హడావుడిగా పూడ్చేశారు. ఒక పొద్దున లేచి చూస్తే వీధి చివర డేరాల్లేవు. నాలుగు రోజుల తర్వాత, మొదటి వాన పడుతుండగా, టీసీ గారు వచ్చారు.

టీసీ గారంటే మామయ్య గారి లాంటి ఇంకో పిచ్చివారు. రైళ్లలో టిక్కెట్లు చూసి చూసి రిటైరై, ఇప్పుడు కాసులు చూస్తున్నారు. టిక్కెట్టు లేని కాసు ఒక్కటీ తన చెయ్యి దాటదని ఆయన గొప్ప. రెండు కూర్చున్నమ్మలు తీసుకుని ఒక ఇటాలియన్ ఎరిట్రియా కాసు ఇవ్వాలని వాళ్లిద్దరికీ ఉత్తరాల్లో ఒప్పందం. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. పాప ఎప్పట్లాగే పెట్టె మూత మీద, కిటికీకి జారే వాననీళ్లు చూస్తోంది. పడిపోకుండా మామయ్య గారు వెనక చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరింకా పెట్టె మీద పడేస్తున్నారా?" అన్నారు టీసీ గారు. "అది సంతలో బేరగాళ్ల పద్ధతండీ. అంచులు దెబ్బతింటాయి. కాసుని కొట్టకూడదు, పాడించాలి. చూడండి."

ఒక కూర్చున్నమ్మని చూపుడువేలి కొస మీద నిలబెట్టి, ఇంకో కాసు అంచుతో సుతారంగా తాకించారు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. ఆ మోత సన్నగా లేచి, గదంతా నిండి, ఎంతసేపటికీ ఆరలేదు. అంత తీయటి మోత ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు.

పాప కిటికీలోకి చూస్తోంది.

రెండోది తాకించారు. తర్వాత రెండు స్తంభాల బొమ్మ ఉన్న కాసు, తర్వాత గద్దటోపీ, గడ్డపాయన. ఒక్కోదానికీ టీసీ గారు కళ్లు మూసుకుని "ఆహా" అంటున్నారు. మిషన్ లేదు. వీధిలో మనుషులు లేరు. సన్నటి వాన. పాప ఒక నీటిచుక్క వెంట వేలు పెట్టి కిందికి గీస్తోంది. అది అద్దం అడుగుకి వెళ్లేవరకూ చూసి, పైనుంచి ఇంకోటి వెతుక్కుంది.

నేను ఎన్ని మోతలు లెక్కపెట్టానో తెలియదు. మామయ్య గారు కాసుల్ని చూడటం మానేశారు. పాపని చూస్తున్నారు. తర్వాత నన్ను చూశారు.

"ఇంకోసారి కొట్టండి" అన్నారు.

"మంచిదేనండీ, ఇందాకే విన్నాంగా."

"ఇంకోసారి."

టీసీ గారు కొట్టారు. మామయ్య గారు ఆయన చేతిలోంచి కాసు తీసుకుని, పాప వెనక మూత మీద వదిలారు. పాప చటుక్కున తిరిగి ఆయన్ని చూసి నవ్వింది. ఆయన ఎడమ అరచేతిని మూత మీద బోర్లా ఆనించి, కళ్లు మూసుకుని, కుడిచేత్తో మళ్లీ కాసు వదిలారు. ఆ చెయ్యి అక్కణ్ణుంచి చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాత పాపని ఎత్తి నా ఒళ్లో కూర్చోబెట్టారు. నా చేతుల్లో గ్లాసులు ఎప్పుడు కిందపెట్టానో నాకు గుర్తులేదు. ఆయన నా వెనక్కి వచ్చి, పాప చెవికి బెత్తెడు దూరంలో, టీసీ గారు చూపించినట్టే, వేలి కొస మీద కాసుని మోగించారు. పాప నా జాకెట్టు గుండీని తిప్పుకుంటోంది.

"ఏమైందండీ?" అన్నారు టీసీ గారు, గాబరాగా. "కాసు మంచిదేగా?"

"కాసు మంచిదే" అన్నారు మామయ్య గారు.

చెవుల ఆసుపత్రిలో గోడలన్నిటికీ స్పాంజి అతికించిన గది ఉంది. అందులో మాట్లాడితే మన గొంతు మనదిలా ఉండదు. మూడుసార్లు తిప్పారు. పాపని నిద్రపుచ్చి తలకి వైర్లు పెట్టి కూడా చూశారు. డాక్టరమ్మ నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. కాగితం మీద గీతలు చూపించి, నెమ్మదిగా చెప్పింది.

"రెండు చెవులూ వినపడవమ్మా. పుట్టుకతోనే అయ్యుంటుంది. మీకింతవరకు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

వెనక నిలబడ్డ మామయ్య గారు ముందుకొచ్చి, "నేను పరీక్ష చేశానమ్మా, వింటోందని చెప్పాను" అన్నారు. ఎలా చేశారని ఆమె అడిగితే, జేబులోంచి కాసు తీసి ఆమె బల్ల మీద వదిలి చూపించారు. నవ్వుతుందేమోనని నాకు భయం వేసింది. ఆమె నవ్వలేదు.

"పెట్టె చెక్కదా? లోపల డొల్లగా ఉంటుందా?"

"అవునమ్మా."

"ఒంటితో విందండీ. కింద చెక్క అదిరితే తెలుస్తుంది. నీడ పడితే తెలుస్తుంది, గాలి తగిలితే తెలుస్తుంది. వినపడని పిల్లలు మనకంటే చురుగ్గా ఉంటారు. అందుకే మనం మోసపోతాం." తర్వాత నావైపు తిరిగింది. "ఇంకొన్ని నెలల ముందొస్తే ఇంకా బాగుండేది. ఇప్పుడైనా వచ్చారు. మాటలు రాలేదని నాలుగేళ్లకి, అయిదేళ్లకి తెచ్చేవాళ్లున్నారు. అప్పటికి మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు. చెవులకి మిషన్లు పెడదాం, వాటితో చాలకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం. రోజూ నేర్పించాలి. నేర్పిస్తావా?"

"తొమ్మిదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదండీ నేను."

"మాట్లాడటం వచ్చుగా? అదే నేర్పించాల్సింది."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో మామయ్య గారు నా ముందు సీటులో కూర్చున్నారు. సగం దారిలో వెనక్కి తిరిగారు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలుసు. నేనూ గంటనుంచీ అదే అనుకుంటున్నాను.

"ఆ పైపుల అమ్మాయి కొడుకు" అన్నారు.

"ఆ."

"నా గుర్తు కొట్టి పంపించానమ్మా వాణ్ణి."

"మీరొక్కరే కాదు మామయ్య గారూ. ఎవరు చెప్పినా వినొద్దని చెప్పింది నేను."

మా ఆయన ఆ సాయంత్రమే బండి మీద కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లారు. నవ్వుతూ మాట తేల్చేసే మనిషి, ఆ రోజు నా మాట పూర్తికాకుండానే బండి తాళం తీశారు. కాంట్రాక్టరు దగ్గర పేర్లు లేవు. మేస్త్రీ పేరు ఒకటుంది, ఎంతమందో అంకె ఒకటుంది. ఆ మేస్త్రీని పట్టుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. వానలకి ముఠా విడిపోయిందట. కొందరు కాలువ పనికి వెళ్లారట, కొందరు ఎక్కడో కేబుల్ గుంటలు తవ్వడానికి వెళ్లారట. కనుబొమ మీద గీత ఉన్న ఆమె ఎటు వెళ్లిందో అతనికి తెలియదు. అత్తయ్య గారు ఎదురింటి గుమ్మం నుంచి వీధి చివరి వరకూ ప్రతి ఇంట్లోనూ అడిగారు. నీళ్లు పోసినవాళ్లున్నారు, పాత బట్టలిచ్చినవాళ్లున్నారు. ఆమె పేరు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నేను కూడా అడగలేదు.

వాడికి వినపడుతూ ఉండవచ్చు. చెవులు బాగున్న పిల్లలైనా, అలసిపోతే ఎంత మోతలోనైనా పడుకుంటారని డాక్టరమ్మ చెప్పింది. మా పెట్టె మూత మీద వినపడేవాళ్లూ తిరుగుతారు, వినపడనివాళ్లూ తిరుగుతారు. అందువల్ల ఆ రోజు మాకు తెలిసిందేమీ లేదు. తెలిసినట్టు చెప్పాం, అంతే.

ఇప్పుడు పాపకి రెండున్నరేళ్లు. రెండు చెవుల వెనకా మిషన్లు ఉన్నాయి. పొద్దున్నే నేనూ, మధ్యాహ్నం అత్తయ్య గారూ ఎదురుగా కూర్చుని నేర్పిస్తాం. పోయిన నెల 'తాత' అంది. తకారం సరిగ్గా పలకలేదు గానీ ఎవర్ని పిలిచిందో అందరికీ తెలిసింది. మామయ్య గారు పెరట్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నారు. కాసులు తెచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తారు. ఆయన ముందు కాసుని అడగరు. మీది ఏ ఊరు, మీ వైపు ఎక్కడైనా గుంటలు తవ్వుతున్నారా అని అడుగుతారు. టీసీ గారు తనకి తెలిసిన కాసుల పిచ్చివాళ్లందరికీ ఉత్తరాలు రాశారు. ఎక్కడినుంచీ ఏమీ తెలియలేదు.

అందుకని ఇది రాస్తున్నాను. మీకు ఏ ఊళ్లోనైనా, రోడ్డు తవ్వేచోట, ఎడమ కనుబొమ మధ్యలో తెల్లటి గీతతో, బొంగురు గొంతుతో ఒకామె కనపడితే మెళ్లో చూడండి. నల్లదారానికి పెద్ద వెండి కాసు ఉంటుంది. ఈటె పట్టుకుని నిలబడ్డ స్త్రీ బొమ్మ, వెనక ఓడ. ఆ స్త్రీ తల పైన కొక్కెం, కొత్తగా పెట్టిన టంకం. బొమ్మకి కుడిపక్కన రెండు, కాళ్ల దగ్గర ఒకటి చిన్న ముద్రలు. ఆమెకి ఒక కొడుకు. ఇప్పుడు రెండేళ్లు దాటి ఉంటాయి. కుడిచెవి వెనక పెసరగింజంత మచ్చ.

వాడి దగ్గరికి వెనకనుంచి వెళ్లండి. మీ నీడ వాడి ముందు పడనివ్వకండి. అడుగు గట్టిగా వెయ్యకండి, వాడు కూర్చున్న దేన్నీ తాకకండి. నిలబడి ఒక్కసారి పిలవండి. పేరు నాకు తెలియదు, ఏ మాటతోనైనా పిలవండి. తిరిగితే మళ్లీ ఇంకోసారి పిలిచి, నిజంగా తిరిగాడని తేలాకే మీ దారిన మీరు వెళ్లండి. తిరగకపోతే, 'నీ బిడ్డకేం లేదు' అని ఆ అక్క చెప్పింది తప్పని వాళ్లమ్మకి చెప్పి, ఆ రోజే ఇద్దర్నీ చెవుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.